భూకంపాలు పెరిగాయా, వాటి కబుర్లు పెరిగాయా?

నమస్తే అండీ. కొన్నాళ్లుగా ఏ వీడియో పెట్టినా కింద ఒకటే అడుగుతున్నారు. "అన్నా, భూకంపాలు ఎందుకింత ఎక్కువైపోయాయి? అగ్నిపర్వతాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి పేలుతున్నాయి, ఏం జరుగుతోంది?" అని. కొంతమందైతే ప్రశ్న కూడా అడగట్లేదు, నేరుగా యుగాంతం దగ్గరకు వెళ్లిపోతున్నారు.

వాళ్లు భయపడటంలో అర్థం లేదని నేను అనను. 2025 ఒక్కటి తీసుకోండి. మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం. మూడు వేల మందికి పైగా పోయారు. ఎక్కడో బ్యాంకాక్‌లో కడుతున్న ముప్పై అంతస్తుల బిల్డింగు కుప్పకూలడం మనందరం ఫోన్‌లో చూశాం. జులై చివర్లో రష్యాలోని కమ్చత్కాలో 8.8 వచ్చింది. జపాన్ నుంచి హవాయి దాకా సునామీ హెచ్చరికలు ఇచ్చారు. నవంబర్ 23న ఇథియోపియాలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద అరేబియా సముద్రం దాటి ఢిల్లీ మీదకు వచ్చింది, మన దగ్గర విమానాలు రద్దయ్యాయి. ఇవన్నీ ఒకే ఏడాదిలో చూసినవాడికి "ఏదో తేడా కొడుతోంది" అనిపించడం సహజమే.

అనిపించింది సరే, లెక్క చూద్దాం.

ముందు ఏ లెక్క చూడాలో తేల్చుకోవాలి. "ఈ ఏడాది ప్రపంచంలో ఇన్ని వేల భూకంపాలు" అని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే దాన్ని వెంటనే నమ్మకండి. ఎందుకంటే చిన్న భూకంపం లెక్కలోకి రావాలంటే దాని దగ్గర్లో యంత్రం ఉండాలి. 1931లో ప్రపంచం మొత్తం మీద భూకంపాల్ని నమోదు చేసే స్టేషన్లు 350 దాకా ఉండేవి. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మధ్యలో పెద్ద మార్పు 1960ల మొదట్లో వచ్చింది. అదీ భూకంపాల మీద ప్రేమతో కాదు లెండి. సోవియట్ వాళ్లు భూమి లోపల అణుబాంబు పరీక్ష చేస్తే పసిగట్టాలని అమెరికా దేశదేశాల్లో ఒకే రకం యంత్రాలు పెట్టించింది. బాంబుల కోసం పెట్టిన యంత్రాలకు భూకంపాలు దొరికాయి. మన దేశంలో చూస్తే 2014లో 80 స్టేషన్లు, ఇప్పుడు 160 దాటాయి. స్టేషన్లు రెట్టింపైతే చిట్టాలో చిన్న ప్రకంపనలు పెరగకుండా ఎలా ఉంటాయి?

అమెరికా భూగర్భ సర్వే, అదే యూఎస్‌జీఎస్, ఇప్పుడు ఏడాదికి దాదాపు 20,000 భూకంపాలు ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తిస్తోంది. అంటే రోజుకు 55. ఇందులో చాలావాటిని మన తాతల కాలంలో పట్టుకునే దారే లేదు.

అందుకని న్యాయమైన పోలిక కావాలంటే పెద్దవాటినే చూడాలి. 7 దాటిన భూకంపం 1900 తర్వాత భూగోళం మీద ఎక్కడ వచ్చినా యంత్రాల నుంచి తప్పించుకోవడం కష్టం. యూఎస్‌జీఎస్ దీర్ఘకాలపు సగటు ప్రకారం 7 నుంచి 7.9 మధ్యవి ఏడాదికి 15, 8 పైన ఒకటి. మొత్తం 16. 2010లో అవి 23 వచ్చాయి. 1989లో ఆరే. 2017లో 7, 2021లో 19, 2024లో మళ్లీ 10. ఇంకో సంగతి, 2022, 2023, 2024 ఈ మూడేళ్లలో ప్రపంచం మొత్తం మీద 8 దాటింది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మూడేళ్లూ "భూకంపాలు తగ్గిపోయాయోచ్" అని ఎవరైనా వీడియో చేశారా? చెయ్యరు. దానికి వ్యూస్ ఎవరిస్తారు?

ఈ హెచ్చుతగ్గులు ఏదో కారణం ఉండి వచ్చినవి కావు. అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు వరసగా మూడుసార్లు చెమ్మా పడితే గవ్వల్లో దెయ్యం ఉందనుకోం కదా. ఎక్కువసేపు ఆడితే అలాంటి వరసలు వస్తాయంతే.

అయితే ఇక్కడ సైంటిస్టులే ఒకసారి నిజంగా ఉలిక్కిపడ్డారు. అది చెప్పుకోవాలి. 1952లో కమ్చత్కా 9.0, 1960లో చిలీ 9.5, 1964లో అలాస్కా 9.2. పన్నెండేళ్లలో మూడు మహా భూకంపాలు. ఆ చిలీది ఇప్పటిదాకా యంత్రాలు కొలిచిన వాటిలో అన్నిటికన్నా పెద్దది. 1965 ఫిబ్రవరిలో అలాస్కా దీవుల్లో 8.7 వచ్చాక నిశ్శబ్దం. దాదాపు నలభై ఏళ్లపాటు 8.5 దాటింది ఒక్కటీ రాలేదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా 9.1. ఆ సునామీ మన కోస్తా దాకా వచ్చింది, ఎవరూ మర్చిపోరు. ఆ తర్వాత 2010లో చిలీ 8.8, 2011లో జపాన్ 9.1. పేపర్ మీద గీసి చూస్తే ఒక గుంపు, పెద్ద ఖాళీ, మళ్లీ ఒక గుంపు. భూమి అంతటికీ ఏదైనా ఒక చక్రం ఉందా అని అనుమానం వచ్చింది. 2012లో పీటర్ షియరర్, ఫిలిప్ స్టార్క్ అనే ఇద్దరు, ఒకాయన భూకంపాల మనిషి, ఇంకొకాయన గణాంకాల మనిషి, వందేళ్లకు పైగా రికార్డు తీసి పరీక్షించారు. ప్రధాన భూకంపం తర్వాత దాని చుట్టుపక్కల వచ్చే ప్రకంపనల్ని తీసేశాక మిగిలినదాన్ని చూస్తే, యాదృచ్ఛికంగా వచ్చేవి ఎలా ఉంటాయో అలాగే ఉంది. ప్రపంచం మొత్తానికి ముప్పు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. నాకు ఆ పరిశోధనలో నచ్చిందేంటంటే, అనుమానాన్ని ఎగతాళి చెయ్యలేదు, పరీక్షించారు.

ఇప్పుడు అగ్నిపర్వతాల దగ్గరకు వద్దాం. ఈ వీడియోలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఇదే.

అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ ప్రపంచంలోని అగ్నిపర్వతాల జాతకాలన్నీ రాసి పెడుతుంది. గత రెండు వందల ఏళ్లలో ఏ ఏడాది ఎన్ని అగ్నిపర్వతాలు పేలాయని వాళ్లు గ్రాఫ్ గీస్తే, గీత పైకి పోతూనే ఉంటుంది. చూడగానే "చెప్పానా!" అనిపిస్తుంది. కానీ దగ్గరగా చూడండి. ఆ గీతకు రెండుచోట్ల గుంట పడింది. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం, రెండోది రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధం జరుగుతోందని అగ్నిపర్వతాలు సెలవు తీసుకున్నాయా? లేదు. ఓడల వాళ్లు, విలేకరులు, పరిశోధకులు అందరూ యుద్ధంలో మునిగి ఉన్నారు, కొండ పేలితే రాసేవాడు లేడు. అలాగే గీత ఉన్నట్టుండి పైకి లేచే చోట్లూ ఉన్నాయి. 1883లో క్రకటోవా పేలి 36,000 మందికి పైగా చనిపోయాక, 1902లో మార్టినిక్ దీవిలో పెలే కొండ పేలి సెయింట్ పియర్ అనే ఊరికి ఊరే మాడిపోయాక. జనానికి భయం పట్టుకుంది, పేపర్లు వెతికి వెతికి రాశాయి, లెక్క పెరిగింది. పైగా బాగా పెద్ద పేలుళ్లను మాత్రమే విడిగా తీసి చూస్తే, అంటే ఎవరూ చూడకుండా ఉండలేనివి, ఆ గీత మామూలుగానే ఉంది. ఇప్పుడు ఏ సమయంలో చూసినా కొనసాగుతున్న విస్ఫోటనాలు 40, 50 మధ్య ఉంటాయి. ఏడాది మొత్తం మీద 50 నుంచి 70 అగ్నిపర్వతాలు పేలతాయి. మీరు ఈ వీడియో చూస్తుండగా కూడా ఎక్కడో ఒకచోట లావా కారుతూనే ఉంటుంది.

హేలీ గుబ్బి గురించి "12,000 ఏళ్ల తర్వాత పేలింది" అని అన్ని ఛానళ్లూ హోరెత్తించాయి. నిజానికి దాని అర్థం ఏంటంటే, ఆ కాలంలో అది పేలినట్టు మన దగ్గర రికార్డు లేదు. అఫార్ ఎడారిలో, మనుషులు అరుదుగా తిరిగే చోట, రెండు వేల ఏళ్ల కిందట పేలి ఉంటే ఎవరు రాసి పెడతారు చెప్పండి?

మన దేశంలో నిప్పులు కక్కేది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే. అది నూట యాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. అప్పట్నుంచి అడపాదడపా పేలుతూనే ఉంది, 2025 సెప్టెంబర్‌లో కూడా. అక్కడ మనుషులెవరూ ఉండరు కాబట్టి సరిపోయింది.

సరే, ఎక్కడా ఏమీ పెరగలేదు, హాయిగా పడుకోండి అంటున్నానా? లేదండీ. ప్రపంచం మొత్తం సగటు మారకపోయినా, ఒక్కో ప్రాంతంలో మార్పు నిజంగానే వస్తుంది. ఐస్‌లాండ్‌లో రేక్యానెస్ అనే ద్వీపకల్పం దాదాపు 800 ఏళ్లు గమ్మున ఉండి 2021లో లేచింది. 2023 నవంబర్‌లో గ్రిందావిక్ అనే ఊరిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆ తర్వాత వరసబెట్టి నేల చీలి లావా వచ్చింది. అది నిజమైన పెరుగుదల.

మనుషులు పెంచినవీ ఉన్నాయి. అమెరికాలోని ఓక్లహోమాలో 2009కి ముందు 3 దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015లో 900 దాకా వచ్చాయి. చమురు బావుల నుంచి వచ్చే ఉప్పునీటిని లోతైన రాళ్లలోకి పంపు చెయ్యడం వల్ల, పాత పగుళ్లు జారడం మొదలుపెట్టాయి. ఆ పంపింగ్ తగ్గించమని ఆంక్షలు పెట్టారు, భూకంపాలూ తగ్గాయి. మనకు దీనికంటే పాత ఉదాహరణ పక్కనే మహారాష్ట్రలో ఉంది. కొయ్నా డ్యాం నిండాక 1967 డిసెంబర్ 11న 6.3 వచ్చింది. రిజర్వాయర్ నీటి ప్రభావంతో వచ్చిన భూకంపాలు అనగానే ప్రపంచంలో ఎవరైనా చెప్పేది కొయ్నా పేరే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్ఐ వాళ్లు దశాబ్దాలుగా అక్కడ పరిశోధన చేస్తున్నారు.

"ఎండలు పెరిగాయి, అందుకే భూకంపాలు" అన్న మాట మాత్రం పట్టించుకోకండి. ఎండ వేడి అన్ని కిలోమీటర్ల లోతుకు దిగదు. మంచు యుగం ముగిసి మంచు బరువు తగ్గినప్పుడు ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతాలు బాగా పేలాయన్నది నిజమే, కానీ అది వేల ఏళ్ల వ్యవహారం.

ఇంకొకటి అడుగుతారు, భూకంపం వస్తే అగ్నిపర్వతం లేస్తుందా అని. అప్పుడప్పుడూ. 1960 చిలీ భూకంపం తర్వాత రెండు రోజుల్లోపే కోర్డోన్ కావ్యే పేలింది. కమ్చత్కాలో 8.8 వచ్చిన కొద్ది రోజులకే శతాబ్దాలుగా నిద్రలో ఉన్న క్రషెనిన్నికోవ్ లేచింది. అప్పటికే పేలడానికి సిద్ధంగా ఉన్నదాన్ని దగ్గరి భూకంపం కాస్త ముందుకు తోస్తుందేమో కానీ, కమ్చత్కాలో ఊగితే ములుగులో ఊగదు.

ములుగు అన్నాను కదా. 2024 డిసెంబర్ 4, పొద్దున్నే ఏడున్నరకు 5.3. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, విజయవాడ, అందరూ బయటకు పరిగెత్తారు. దానికి మూడు నెలల ముందు, ఆగస్టు 31న, తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి కదా, రెండింటినీ ముడిపెట్టి ఎన్ని వీడియోలు వచ్చాయో. చెట్లు పడగొట్టింది గాలి. భూకంపం పుట్టింది పదుల కిలోమీటర్ల లోతులో. ఒకే జిల్లా కావడం తప్ప రెంటికీ చుట్టరికం లేదు. గోదావరి లోయ కింద కోట్ల ఏళ్ల నాటి పాత పగుళ్లున్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఒంగోలులో 5.4. ములుగులో వచ్చింది కొత్తదేం కాదు. యాభై ఐదేళ్ల విరామం మనకు మరపు తెచ్చింది, అంతే.

ఇక మనం నిజంగా పట్టించుకోవాల్సిన చోటు. 2021 ఆగస్టు 12న దక్షిణ అట్లాంటిక్‌లో సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 8.1 వచ్చింది. మీరెప్పుడైనా విన్నారా? విని ఉండరు, అక్కడ పెంగ్విన్లు తప్ప ఎవరున్నారు? రెండు రోజులకు హైతీలో 7.2 వచ్చింది. అంటే విడుదలైన శక్తి దానిలో ఇరవయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. 2,200 మందికి పైగా చనిపోయారు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు దగ్గర కిల్లారిలో వచ్చింది 6.2 మాత్రమే. మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు నిద్రపోతున్నవాళ్ల మీద పడి పదివేల మంది దాకా పోయారు. భూకంపాల సంఖ్య మారకపోయినా, వాటి పైన కట్టిన ఊళ్లు మారిపోయాయి.

అందుకే "పెరుగుతున్నాయా" అని అడిగేవాళ్లకు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ అపార్ట్‌మెంట్ కింద ఏముంది? పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టి, పైన నాలుగైదు అంతస్తులు. 2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో పదుల కొద్దీ బిల్డింగులు కూలాయి. వాటిలో చాలావరకు ఈ తరహావే. కింద అంతస్తు మెత్తన, పైన బరువు, ఊగగానే పిల్లర్లు విరిగాయి. పార్కింగ్ పెట్టడమే తప్పని కాదు. ఆ పిల్లర్లను గట్టిగా చెయ్యాలి, తగినంత ఇనుము పడాలి, అక్కడక్కడా కాంక్రీటు గోడలు రావాలి. దాని గురించి మన దేశపు బిల్డింగ్ కోడ్ స్పష్టంగానే చెబుతుంది. పాటించారా లేదా అన్నదే అనుమానం.

చాలాకాలంగా వాడిన భూకంప ముప్పు మ్యాపులో హైదరాబాద్ జోన్ 2, విజయవాడ, భద్రాచలం జోన్ 3. అంకె పెరిగితే ముప్పు ఎక్కువన్నమాట. ఫ్లాట్ కొనేటప్పుడు మనం వాస్తు అడుగుతాం, మంజీరా నీళ్లు వస్తాయా అని అడుగుతాం. స్ట్రక్చరల్ డ్రాయింగ్, అంటే పిల్లర్లు, ఇనుము లెక్కలుండే ప్లాను, అదొక్కటి మాత్రం అడగం. మీ బిల్డర్ దగ్గరో, అసోసియేషన్ దగ్గరో అది తీసుకుని, ఏ జోన్‌కు డిజైన్ చేశారని రాసుందో చూడండి. అసలు ఇవ్వడానికి ఒప్పుకున్నారా లేదా అన్నది కూడా కామెంట్‌లో రాయండి. వచ్చే వీడియో కొయ్నా మీద, ఆ డ్యాం కథ మొత్తం చెబుతాను. ఉంటానండీ.