కట్టు విప్పేదెప్పుడు?

(టంగుటూరు దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను డాక్టరును కాను, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్ మాస్టారుగా పనిచేశాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది నా విజిల్‌కు వరసలో నిలబడినవాళ్లే. "చేతులు పైకి" అని ఎన్ని వేల సార్లు అరిచానో లెక్క లేదు. రిటైరైన రెండో ఏడు నా కుడి చెయ్యే పైకి లేవనంది. అలమరలో పై అర మళ్లీ అందుకోవడానికి పది నెలలు పట్టింది. అందులో నాలుగైదు నెలలు దెబ్బ వల్ల పోలేదు, నా తెలివితక్కువ వల్ల పోయాయి. ఈ రోజు ఎక్కువగా ఆ నెలల గురించే మాట్లాడతాను.

కార్తీక మాసం. సింగరాయకొండలో చుట్టాలింటికి పోయి బండి మీద వస్తున్నాను. సన్నగా వాన. గేదె ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. బండి ఒక పక్క, నేను ఒక పక్క. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపుతారు, నేనూ చాపాను. ఒంటి బరువంతా అరచేతి మీదుగా పోయి భుజానికి తగిలింది. లేచి చూసుకుంటే భుజం గుండ్రం పోయి మూల తేలింది, ముందువైపు ఉబ్బు. చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా ఆగిపోయి దగ్గరికి రానంటోంది. గూడ జారిందని నాకే అర్థమైంది.

గూడ ఎందుకంత తేలిగ్గా జారుతుందో చెప్పాలంటే మన ఆగస్టు పదిహేను ఆటలు గుర్తు చేసుకోండి. నోట్లో గరిటె, గరిటెలో నిమ్మకాయ. మన భుజం కీలు అచ్చంగా అదే. జబ్బ ఎముక తల నిమ్మకాయ, రెక్క ఎముకకున్న గుంట గరిటె. ఆ గరిటె కూడా లోతు లేనిది. తుంటిలో బంతి గిన్నెలో కూర్చున్నట్టుంటుంది, ఇక్కడ ఏ క్షణంలో చూసినా బంతిలో మూడో వంతు కూడా గుంటకు ఆనదు. అందుకే చెయ్యి ఇన్ని దిక్కులకు తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. మనిషి ఒంట్లో పెద్ద కీళ్లు జారిన కేసుల్లో దాదాపు సగం భుజానివే. నిమ్మకాయ పడకుండా చుట్టూ నాలుగు చిన్న కండరాలు పట్టుకుని ఉంటాయి. డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. బయటికి కనిపించే కండ వేరు, ఇవి వేరు. కసరత్తు చేసి భుజాలు పెంచిన కుర్రాళ్లలో కూడా ఈ నాలుగూ బలహీనంగా ఉండొచ్చు.

ఇక రోడ్డు మీదికి వద్దాం. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన, "అయ్యవారూ, కింద పడుకోండి, చంకలో కాలు ఆనించి ఒక్క లాగు లాగుతా, చేరిపోద్ది" అన్నాడు. నవ్వకండి. ఆ పద్ధతి సుమారు 2,400 ఏళ్ల నాటి గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరున ఉన్న రాతల్లోనే ఉంది. ఆసుపత్రిలోనూ చివరికి లాగే చేరుస్తారు. ఎక్స్‌రే తీసి, నొప్పి తగ్గే మందిచ్చి, నెమ్మదిగా లాగుతారు, అంతే తేడా. కానీ ఆ తేడా చిన్నది కాదు. గూడ జారినప్పుడు ఎముక విరిగిందో లేదో పైకి తెలియదు. చంకలో నుంచి చేతికి పోయే నరాలు, రక్తనాళాలు పక్కనే ఉంటాయి. విరిగిన ఎముకను గుడ్డిగా లాగితే అవి నలుగుతాయి.

నేను ఆ పెద్దాయనకు వద్దని చెప్పడానికి కారణం ఈ చదువేమీ కాదు. చాలా ఏళ్ల కిందట మండల స్థాయి కబడ్డీలో ఒక పిల్లవాడికి గూడ జారితే నేనే లాగాను. చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాడి అదృష్టం, నా అదృష్టం. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. అలా చేయకూడదు. కండువాతో చెయ్యిని ఉన్న భంగిమలోనే ఛాతీకి ఆనించి కట్టి, 108కి ఫోన్ చేయడమే. దారిలో ఏమీ తినకుండా ఉంటే మంచిది, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

ఆసుపత్రిలో గూడ చేరినప్పుడు వచ్చిన చప్పుడు, దాంతోపాటు నొప్పి ముప్పావు వంతు దిగిపోవడం నేను మరిచిపోలేను. మళ్లీ ఎక్స్‌రే తీశారు. భుజం బయటివైపు గిచ్చి తెలుస్తోందా అని అడిగారు. నరం బాగుందో లేదో చూడటానికట. చేతికి జోలె కట్టి, పది రోజుల్లో రమ్మని చీటీ మీద రాశారు.

నేను పోలేదు.

నొప్పి తగ్గింది కదా అనుకున్నాను. పైగా కట్టు కట్టుకున్న మనిషికి ఇంట్లో ఒక హోదా వస్తుంది, అది మీకూ తెలుసు. చుట్టాలు బత్తాయిలు తెస్తారు. "కదిలించొద్దు బావా" అని మా మరదలు, "అట్నే ఉంచు అబ్బయ్యా" అని మా పెద్దమ్మ. ఊరందరికీ కట్టు కట్టడం తెలుసు. ఎప్పుడు విప్పాలో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పగలిగినవాళ్లు పది రోజుల్లో రమ్మన్నారు, నేనే వెళ్లలేదు. ఎనిమిది వారాలు ఆ జోలెలోనే ఉంచాను. పెళ్లి భోజనంలో ఎడమ చేత్తో స్పూను పట్టుకుని సిగ్గుపడుతూ తిన్నాను. ఆ సిగ్గు కూడా అనవసరమే. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు మొదటి రోజు నుంచే కదిలించాలని నాకు తెలియదు.

కుర్రాళ్ల సంగతి వేరు. ఇరవై ఏళ్లవాడికి గూడ ఒకసారి జారితే మళ్లీ మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ, వాళ్లకు మూడు వారాల దాకా కట్టు ఉంచుతారు, కొందరికి ఆపరేషన్ కూడా అవసరమవుతుంది. నలభై, యాభై దాటినవాళ్లకు మళ్లీ జారే భయం తక్కువ, బిగుసుకుపోయే భయం ఎక్కువ. ఒకటి రెండు వారాల్లోనే కదలిక మొదలుపెట్టిస్తారు. ఎముక విరిగి ఉంటే ఆ లెక్క మళ్లీ వేరు, డాక్టరు చెప్పాల్సిందే. ఒకే జోలె, ఇద్దరికి రెండు లెక్కలు. నేను మాత్రం కుర్రాడికంటే రెండింతలు ఎక్కువ కాలం కట్టుకున్నాను.

లోపల ఏమవుతుందంటే, కీలు చుట్టూ ఒక తిత్తి ఉంటుంది. చంక వైపు దానికి మడతలుంటాయి, చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడతలు విప్పుకోవాలి. రెయిన్‌కోటు మడతపెట్టి ఎండాకాలమంతా పెట్టెలో పడేసి, వానాకాలంలో తీసి చూడండి. మడతలు అతుక్కుని ఉంటాయి. నా తిత్తి గతి అదే అయింది. దానికి తోడు నాకు పదేళ్లుగా షుగరు. షుగరు ఉన్నవాళ్లకు ఏ దెబ్బా తగలకుండానే భుజం పట్టేస్తుంది, మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువగా. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పెట్టింది. ముందు నొప్పి, తర్వాత బిగువు, తర్వాత నెమ్మదిగా వదలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతుంది. ఇక్కడ ఎవరికైనా దెబ్బ లేకుండా చొక్కా తొడుక్కోవడం, జాకెట్టు హుక్సు పెట్టుకోవడం కష్టమవుతుంటే, భుజంతోపాటు షుగరు కూడా ఒకసారి చూపించుకోండి.

రాత్రుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పగలు ఎలాగో గడిచిపోతుంది. పడుకుంటే మొదలవుతుంది. రెండు గంటలకు లేచి వరండాలో కూర్చునేవాణ్ని. మా ఆవిడ లేచి, "ఏమండీ, వావిలాకు కాపడం పెట్టనా" అనేది. కాపడం మంచిదే, కాకపోతే దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు కాదు. అప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు, పదిహేను ఇరవై నిమిషాలు. తర్వాత బిగువుకు వేడి హాయిగా ఉంటుంది. తాజా దెబ్బ మీద నూనె పోసి మర్దనా మాత్రం వద్దు. నిద్రకు నాకు పనికొచ్చింది దిండ్లు. వెల్లకిలా కాస్త ఎత్తుగా పడుకుని, మోచెయ్యి కింద ఇంకో దిండు. చెయ్యి వెనక్కి వేలాడకపోతే నొప్పి సగం తగ్గేది. చొక్కా తొడుక్కునేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖరున. ఈ చిన్న సంగతి తెలియక నెల రోజులు రోజూ పొద్దున్నే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

నొప్పి బిళ్లల విషయంలో ఒక్క మాట. పారాసెటమాల్ వేరు, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే బలమైన బిళ్లలు వేరు. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఆ రెండో రకం సొంతంగా నెలల తరబడి మింగితే భుజం బాగై మిగతావి చెడతాయి.

తొమ్మిదో వారం కట్టు విప్పి ఆసుపత్రికి పోయాను. చెయ్యి ఛాతీ ఎత్తు దాటలేదు. స్కాను తీస్తే పైనున్న చిన్న కండరం పట్టీ కొంచెం చిరిగిందన్నారు. చిరగడం అన్న మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ డాక్టరు నింపాదిగా చెప్పారు. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాను తీసినా చాలామందికి చిరుగు కనబడుతుందట. అంటే స్కానును కాదు, చేతిని చూసి నిర్ణయించాలి. నాకు ఆపరేషన్ అవసరం లేదన్నారు. కానీ నలభై దాటాక గూడ జారి, రెండు వారాలైనా చెయ్యి సొంతంగా ఎత్తలేకపోతుంటే ఆ కండరం పూర్తిగా తెగిందేమో వెంటనే చూడాలి. పూర్తిగా తెగినదాన్ని త్వరగా కుడితేనే బాగా అతుకుతుంది. నెలలు గడిస్తే కండరం వెనక్కి ముడుచుకుపోతుంది. నాది కొంచెమే చిరగడం నా అదృష్టం. నా ఎనిమిది వారాల నిర్వాకానికి అది పూర్తిగా తెగి ఉంటే ఈ రోజు ఇక్కడ మీకు ఏమీ చూపించలేకపోయేవాణ్ని.

బిగువుకు కీలులోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. స్టెరాయిడ్. నొప్పి దిగింది, షుగరు నాలుగైదు రోజులు పైకెక్కింది. ముందే చెప్పారు కాబట్టి రోజూ చూసుకున్నాను. ఆ తర్వాత నన్ను ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడున్న అమ్మాయి నా పాత విద్యార్థిని. "సార్, ఒకటి... రెండు... మోకాలు వంచకుండా" అని ఆమె లెక్కపెడుతుంటే నేను చేశాను. ఎన్నేళ్ల బాకీ తీర్చుకుందో!

మొదటిది, ఎడమ చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, కుడి చేతిని బావిలోకి వదిలిన చేదలా వదిలేయడం. భుజంతో ఊపకూడదు, ఒళ్లు ఊగితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. ఇది కూడా ఆ కాడ్‌మన్ పేరుతోనే ఉంది. తర్వాత వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని, మంచి చెయ్యి సాయంతో చెడ్డ చెయ్యిని తల వైపు తీసుకుపోవడం. తర్వాత గోడ. గోడకు ఎదురుగా నిలబడి రెండు వేళ్లతో పైకి ఎక్కించడం. వంటింటి తలుపు వెనక పెన్సిలుతో గీత పెట్టి తారీఖు వేసేవాణ్ని. మా మనవడి ఎత్తు గీతలు కూడా అక్కడే ఉన్నాయి. ఆరు వారాలు వాడికంటే కిందే ఉన్నాను. కండరాలకు బలం మాత్రం మూడో నెలలో మొదలైంది. పాత సైకిల్ ట్యూబు ముక్క కిటికీ ఊచకు కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, ముంజేతిని బయటికి లాగడం. ఆ నాలుగు కండరాల్లో వెనకవైపువి దీంతో గట్టిపడతాయి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు.

ఎంత నొప్పి దాకా చేయాలని అందరూ అడుగుతారు. నాకు చెప్పిన కొలత ఇది. చేసేటప్పుడు లాగినట్టు ఉండొచ్చు, కాసేపటికి సర్దుకోవాలి. ఆ రాత్రి నిద్ర చెడిందంటే, పొద్దునకు కూడా తగ్గలేదంటే, మర్నాడు లెక్క సగం చేయాలి. మానేయకూడదు. ఈ పల్లెల్లో మొండివాళ్లు రెండు రకాలు, అసలు చేయనివాళ్లు, ఒక్క రోజులో అంతా చేసేవాళ్లు. నేను రెండూ చేశాను.

పనికి తిరిగి పోవడం దగ్గరే మనవాళ్లకు చిక్కు. నాకు పెన్షన్ వస్తుంది, పది నెలలు గోడ ఎక్కుతూ కూర్చోగలిగాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్లో ఆకు అల్లిన కర్రలు పైకి అందించేవాడికి, చీమకుర్తి గ్రానైట్ పనిలో ఉన్నవాడికి, కొత్తపట్నంలో వల లాగేవాడికి అలా కుదరదు. వాళ్లకు విశ్రాంతి తీసుకోమని చెప్పి వచ్చేయడం నాకు ఇష్టం ఉండదు. చెప్పగలిగింది ఏమిటంటే, మోచెయ్యి భుజం ఎత్తు దాటే పనే ముందు మానాల్సింది. బ్యారన్లో పైకి అందించే పని కింద నిలబడి అల్లేవాళ్లతో మార్చుకోవచ్చా, మేస్త్రీని అడగండి. బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోండి, ఎత్తులో ఉన్నదాన్ని స్టూలు ఎక్కి తీయండి. ఆపరేషన్ అయినవాళ్లయితే బరువు పనికి ఐదారు నెలలు ఆగాలి, ఆ మాట ఆపరేషన్‌కు ఒప్పుకోకముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి.

ఇంకొకటి మరిచిపోయాను. ఎడమ భుజం నొప్పితోపాటు ఛాతీ బిగువు, చెమట, ఆయాసం ఉంటే అది భుజం కాదు, గుండె కావచ్చు. అప్పుడు కాపడాలు, గోడలు అన్నీ పక్కనపెట్టి 108. భుజం ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు.

నాకు ఇప్పటికీ కుడి చెయ్యి వీపు వెనక్కి పూర్తిగా పోదు. వెనక జేబులో పర్సు పెట్టడం మానేశాను. ఎవరికైనా ఆ గోడ కసరత్తు చూడాలనుంటే ఆ బీరువా పక్కన ఖాళీ ఉంది, రండి చూపిస్తాను. పెన్సిలు మాత్రం తేవద్దు, పోయిన వారమే సున్నం వేయించారు.