ఆఫీసులో డెంటల్ ప్లాన్ ఉంటే ప్రభుత్వ ప్లాన్ సంగతేంటి?

అందరికీ నమస్కారమండీ. కెనడాలో ఉంటున్న మన తెలుగువాళ్లు ఈ మాటలు వింటుంటే, ముందు మీ టీ4 స్లిప్పు, అంటే జీతం, ట్యాక్స్ వివరాలతో కంపెనీ ఏటా ఇచ్చే కాగితం, ఎక్కడ పెట్టారో గుర్తు తెచ్చుకోండి. అందులో 45వ నంబరు బాక్సు ఒకటుంటుంది. జీతమెంత, ట్యాక్స్ ఎంత కట్ అయింది అని చూసుకునే తొందరలో దాని మీదికి మన చూపు పోదు. అందులో ఉండేది 1 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె. ప్రభుత్వం నడిపే కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్ మీ ఇంట్లో ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనేది చాలావరకు ఆ అంకెను బట్టే ఉంటుంది.

1 ఉంటే మీ కంపెనీ ద్వారా పళ్లకి ఇన్సూరెన్స్ తీసుకునే వీలు లేదని అర్థం. 2 ఉంటే మీ ఒక్కరికే ఉంది. 3 అయితే మీకూ, మీ భార్యకో భర్తకో, పిల్లలకూ అందరికీ ఉంది. 4 అయితే దంపతులిద్దరికీ, 5 అయితే మీకూ పిల్లలకూ. 2023 ట్యాక్స్ సంవత్సరం నుంచి ఇది నింపడం కంపెనీలకు తప్పనిసరి అయింది. డిసెంబర్ 31 నాటికి పరిస్థితి ఎలా ఉందో అదే రాస్తారు, ఆ తర్వాత ఉద్యోగం మారినా పోయినా ఆ సంగతి మనమే చెప్పుకోవాలి.

ఈ దేశంలో డాక్టరు దగ్గరికి వెళితే డబ్బు కట్టక్కర్లేదు గానీ పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే మాత్రం జేబు ఖాళీ అవుతుందని వచ్చిన కొత్తలోనే అందరికీ తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్లుగా ఇక్కడ పళ్ల వైద్యం అంటే ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్, లేదంటే సొంత డబ్బు. రాష్ట్రాలు పేద పిల్లలకీ పెద్దవాళ్లకీ కొంత సాయం చేస్తున్నా అది కొద్దిమందికే అందేది. 2022లో లిబరల్, ఎన్‌డీపీ పార్టీల మధ్య ఒప్పందం కుదిరాక ముందు 12 ఏళ్లలోపు పిల్లలకు కొంత డబ్బు ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో ఈ ప్లాన్‌కి వృద్ధుల దరఖాస్తులు మొదలై, 2024 మేలో వాళ్లకు వైద్యం అందడం మొదలైంది, తర్వాత పిల్లలు వచ్చి చేరారు, 2025 మేలో 18 నుంచి 64 ఏళ్లవాళ్లకూ తలుపులు తెరిచారు.

షరతులు నాలుగే. ట్యాక్స్ లెక్కల ప్రకారం కెనడా నివాసి అయి ఉండాలి, అంతకుముందు ఏడాది ట్యాక్స్ ఫైల్ చేసి ఉండాలి, పెళ్లైనవాళ్లయితే భార్యాభర్తలిద్దరూ ఫైల్ చేసి ఉండాలి. ఇద్దరి నికర ఆదాయం కలిపి 90,000 డాలర్ల లోపు ఉండాలి. ఇక నాలుగోది, అందరూ తడబడేది, డెంటల్ ఇన్సూరెన్స్ తీసుకునే వీలు వేరే దారిలో ఉండకూడదు. పౌరసత్వం ఉండాలన్న షరతు లేదు, అది గుర్తుంచుకోండి.

ఆ నాలుగో షరతు ఎంత కచ్చితంగా ఉంటుందంటే, మీరు ఆ ఇన్సూరెన్స్ తీసుకున్నారా లేదా అన్నదానితో సంబంధం లేదు. కంపెనీ ఇస్తానంది, నెలకి ఇంత జీతంలోంచి కట్ అవుతుందన్నారు, ఇప్పుడెందుకులే అని మీరు వద్దన్నారు. అయినా సరే, ఉన్నట్టే లెక్క. ఉండి కూడా వాడుకోకపోయినా ఉన్నట్టే. కాలేజీ విద్యార్థి సంఘం ద్వారా వచ్చే ప్లాన్ వద్దనుకున్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ప్రభుత్వ ప్లాన్ వస్తుంది కదా అని ఆఫీసు ప్లాన్ వదులుకుంటే రెండూ పోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు దీనికి పూర్తిగా అటువైపున్న పొరపాటు. "మా ఆయనకి ఆఫీసులో ఉందండీ, ఇక మాకు రాదు" అని ఇంట్లోవాళ్లు అసలు దరఖాస్తే పెట్టరు. టీ4లో 2 ఉందనుకోండి, ఇన్సూరెన్స్ ఆయనొక్కడికే. ఆమెకు పని దగ్గర ఏమీ లేకపోతే, ఆదాయం లోపలే ఉంటే, ఆమె పెట్టుకోవచ్చు, పిల్లలకూ పెట్టవచ్చు. ఇన్సూరెన్స్ సంగతి మనిషి మనిషికీ విడిగా చూస్తారు, ఆదాయం మాత్రం దంపతులిద్దరిదీ కలిపి చూస్తారు. ఈ తేడా తెలియక పిల్లల పిప్పి పళ్లు అలాగే వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు, మనసుకి చాలా కష్టంగా ఉంటుంది.

అమ్మానాన్నల సంగతి దీనికన్నా ముఖ్యం. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చి కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంటున్న పెద్దవాళ్లు మనలో ఎంతమంది లేరు! కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఏడాదికి లక్షన్నర డాలర్లు సంపాదిస్తున్నాడు కాబట్టి అమ్మకు రాదని అనుకుంటారు. కొడుకు జీతం అమ్మ లెక్కలోకి రాదు. ఆవిడ ఆదాయం, నాన్నగారు ఉంటే ఆయన ఆదాయం, అంతే. కొడుకు ఆఫీసు ప్లాన్‌లో సాధారణంగా భార్యా పిల్లలే ఉంటారు, తల్లిదండ్రులు ఉండరు, కాబట్టి ఆ అడ్డూ ఉండదు. మరి ఎక్కడ ఆగిపోతుందంటే ట్యాక్స్ దగ్గర. "నాకేం ఆదాయం ఉందని ఫైల్ చేయాలి నాయనా" అంటారు. సున్నా అయినా ఫైల్ చేయాలి. ఇండియా నుంచి పెన్షనో, ఇంటి అద్దో వస్తుంటే అదీ చూపించాలి, ఇక్కడి నివాసి అయ్యాక ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. చూపించినా చాలామందికి 70,000 డాలర్ల దరిదాపుల్లోకి కూడా రాదు. 70,000 లోపైతే ప్లాన్ ఒప్పుకున్న రేటులో మన వాటా ఏమీ ఉండదు. 70 నుంచి 80 వేల లోపు 40 శాతం, 80 నుంచి 90 వేల లోపు 60 శాతం మనం పెట్టుకోవాలి. కట్టుడు పళ్లు, ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను పీకడం అన్నీ ఇందులో ఉన్నాయి. క్యాప్ లాంటివాటికి ముందస్తు అనుమతి కావాలి. ఇంప్లాంట్లు లేవు.

ఇక నాకు కోపం తెప్పించే విషయం చెప్తాను. ఇద్దరు మనుషులు, పక్కపక్క ఇళ్లు, ఇద్దరి ఇంటి ఆదాయమూ 60,000 డాలర్లే అనుకోండి. ఒకరి కంపెనీ ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు, ఆయనకు ప్రభుత్వ ప్లాన్ వచ్చింది, రూట్ కెనాల్ చేయించుకున్నాడు. రెండో ఆయన కంపెనీ ఏడాదికి 500 డాలర్ల వరకే ఇచ్చే ప్లాన్ పెట్టింది, దానికి ప్రతి జీతంలోంచీ కొంత కట్ చేస్తుంది కూడా. దవడ పన్నుకి రూట్ కెనాల్, పైన క్యాప్ అంటే క్లినిక్ వాళ్లు ఇచ్చే ఎస్టిమేట్ కాగితం మీద మొత్తం వెయ్యి ఎప్పుడో దాటేసి ఉంటుంది. కింద "ఇన్సూరెన్స్ చెల్లించేది 500, మీరు చెల్లించాల్సింది మిగతాది" అని ఉంటుంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నొప్పికి మాత్ర వేసుకుని, మళ్లీ షిఫ్టుకి వెళ్తాడు ఆ మనిషి. పనిచేసే చోట నామమాత్రంగా ఏదో ఉన్నందుకు అతనికి పడిన శిక్ష ఇది.

ప్రభుత్వం ఇలా ఎందుకు పెట్టిందో నాకు అర్థమవుతుంది. అందరికీ ఇస్తామంటే కంపెనీలన్నీ తమ డెంటల్ ప్లాన్లు ఎత్తేసి ఖర్చంతా ప్రభుత్వం నెత్తిన పెడతాయని భయం. ఆ భయంలో న్యాయముంది. కానీ దారి లేదంటే మాత్రం ఒప్పుకోను. రాష్ట్రం ఇచ్చే డెంటల్ సాయం ఉన్నవాళ్లు కూడా ఈ ప్లాన్‌కి అర్హులే, రెండింటినీ కలిపి లెక్క కడుతున్నారు. భార్యాభర్తలకి చెరో కంపెనీ ప్లాన్ ఉంటే ముందు ఒకటి చెల్లించి, మిగిలింది రెండోది చెల్లించడం ఇన్సూరెన్స్ కంపెనీలు రోజూ చేసే పనే. అలాంటప్పుడు ఆదాయం తక్కువున్న కార్మికుడికి కంపెనీ ప్లాన్ ముందు చెల్లించి, మిగిలింది ప్రభుత్వ ప్లాన్ చెల్లించే ఏర్పాటు ఎందుకు చేయకూడదు? మీ ఎంపీ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు ఇదే ప్రశ్న అడగండి.

మనవాళ్లలో చిన్న వ్యాపారాలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకొక మాట. "ప్రభుత్వం ఇస్తోంది కదా, మనం తీసేద్దాం" అని స్టాఫ్ ప్లాన్ ఎత్తేసే ముందు, మీ దగ్గర ఎవరెవరి ఇంటి ఆదాయం 90,000 దాటుతుందో ఆలోచించండి. వాళ్లకి ఇదీ ఉండదు, అదీ ఉండదు. మీకు స్థోమత ఉంటే ప్లాన్ తీసేయడం కాదు, ఏడాది పరిమితి పెంచండి. పనిచేసేవాళ్లు కూడా హెచ్‌ఆర్‌ని ఒక్కొక్కరుగా కాకుండా నలుగురు కలిసి వెళ్లి అడగండి, యూనియన్ ఉంటే వచ్చే ఒప్పందంలో పెట్టమనండి.

దరఖాస్తు సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ విభాగం ద్వారా, ఆ తర్వాత లెక్కలన్నీ సన్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది. సన్ లైఫ్ నుంచి వచ్చే కాగితాల్లో కవరేజీ మొదలయ్యే తేదీ ఉంటుంది, అంతకుముందు చేయించుకున్న పనికి పైసా రాదు, కాబట్టి కాస్త ఓర్చుకోగలిగితే ఆ తేదీ దాటాకే వెళ్లండి. కుర్చీలో కూర్చునే ముందే రెండు ప్రశ్నలు అడగండి: బిల్లు నేరుగా సన్ లైఫ్‌కి పంపిస్తారా, ప్లాన్ ఇచ్చే రేటు కన్నా మీరు ఎక్కువ తీసుకుంటారా? ఎక్కువ తీసుకుంటే ఆ తేడా మనమే కట్టాలి, మనం ముందు కట్టేసి తర్వాత రసీదు పంపి డబ్బు రాబట్టుకుందామంటే కుదరదు. ఏటా జులై 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది, దానికి మళ్లీ రెన్యూ చేసుకోవాలి, రెన్యూ కావాలంటే అంతకుముందు ఏడాది ట్యాక్స్ ఫైలై ఉండాలి. ఏప్రిల్‌లో మీది చేసుకుంటున్నప్పుడే అమ్మదీ నాన్నదీ కూడా చేసేయండి. ఉంటానండీ, నమస్కారం.