అప్‌డేట్ ఆగిపోయినప్పుడు ముందు ఏం చదవాలి

మిత్రులారా, అందరికీ నమస్కారం.

లినక్స్‌లో అప్‌డేట్ మధ్యలో ఆగి తెర నిండా ఎర్రర్లు వచ్చాయంటే, చాలామంది ఆఖరి లైను కాపీ చేసి నెట్‌లో వెతుకుతారు. దొరికిన కమాండ్‌ని సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే మాట) పెట్టి కొట్టేస్తారు. ఈ రెండు పనుల మధ్య ఓ పది నిమిషాలు ఉండాలి. నేను మాట్లాడబోయేది ఆ పది నిమిషాల గురించే.

సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలుగా ఎక్కించి, దించే ప్యాకేజీ మేనేజర్ "కుదరదు" అన్నంత మాత్రాన సిస్టమ్ పాడైనట్టు కాదు. ప్రతి ప్యాకేజీకీ తన షరతులుంటాయి: నాకు ఫలానా లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) కావాలి, ఈ వెర్షన్ కంటే తగ్గకూడదు, ఫలానా దానితో కలిసి ఉండలేను. అవన్నీ ఒకేసారి కుదిరే దారి దొరక్కపోతే మేనేజర్ దేన్నీ ముట్టుకోకుండా ఆగుతుంది. అప్పటికి మీ మెషీన్ బాగానే ఉంది. చాలాసార్లు చెడిపోయేది ఆ తర్వాత మనం చేసే బలవంతం వల్లే.

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలంటారు) ఉండే ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌నే తీసుకుందాం. ఆఖర్న "యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అని వస్తుంది. అది చూసి, మారకుండా పట్టి ఉంచిన ప్యాకేజీలను చూపే "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" కొడతారు, అక్కడ చాలాసార్లు ఏమీ ఉండదు. దాంతో టెన్షన్ పెరుగుతుంది. అసలు సంగతి ఆ ఎర్రర్ లైనుకి పైన, "డిపెండ్స్" అని ఉన్న వరుసల్లో ఉంటుంది. అవి ఎలా ముగిశాయో చూడండి.

"నాట్ ఇన్‌స్టాలబుల్" అంటే, మీరు పెట్టుకున్న ఏ రిపాజిటరీలోనూ (ప్యాకేజీలు దించుకునే ఆన్‌లైన్ నిల్వ) అది దొరకడం లేదు. రిపాజిటరీ ఆఫ్‌లో ఉందేమో, ప్యాకేజీ పేరే మారిందేమో చూడాలి. "నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్" అంటే ప్యాకేజీ ఉంది కానీ ఇంకేదో అడ్డుపడుతోంది. అప్పుడు ఆ పేరునే విడిగా ఇన్‌స్టాల్ చేయమని అడగండి, గొడవ ఇంకో మెట్టు లోపల బయటపడుతుంది. అలా రెండు మూడు మెట్లు దిగితే అసలు ముడి దొరుకుతుంది. ఇక ఒక వెర్షన్ నంబర్ చెప్పి "ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్" అంటే, కావాల్సింది ఒకటి, రాబోతున్నది మరొకటి.

ముడి దొరికాక "ఆప్ట్ పాలసీ" పక్కన ఆ ప్యాకేజీ పేరు పెట్టి కొట్టండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కమాండ్ ఇదే. ఇప్పుడున్న వెర్షన్, రాబోయే వెర్షన్, ఏది ఎక్కడినుంచి వస్తోందో అన్నీ చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్ కింద 100 అనే ప్రాధాన్య అంకె, డీప్యాకేజీ (dpkg, ఆప్ట్ కింద పనిచేసే టూల్) స్టేటస్ ఫైలు తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ వెర్షన్ ఇప్పుడు మీ రిపాజిటరీలు వేటిలోనూ లేదన్నమాట. ఎప్పుడో పెట్టి తీసేసిన బయటి పీపీఏ (వ్యక్తులు విడిగా నడిపే రిపాజిటరీ) వదిలి వెళ్లిన సరుకు చాలావరకు ఇలాగే కనిపిస్తుంది. అది డిస్ట్రో వెర్షన్ కంటే కొత్తదైతే ఆప్ట్ తనంతట తాను వెనక్కి దించదు. పేరు పక్కన ఈక్వల్ గుర్తు, డిస్ట్రో వెర్షన్ పెట్టి మనమే దించాలి.

పేర్లు మారడం మామూలే. కంప్యూటర్ సెకన్లను లెక్కపెట్టే 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19తో నిండిపోతుంది కాబట్టి, ఉబుంటు 24.04లో చాలా లైబ్రరీల పేర్ల చివర టీ64 చేరింది. పాత గైడు చూసి లిబ్‌అసౌండ్2 అనే సౌండ్ లైబ్రరీని అడిగితే "నో ఇన్‌స్టాలేషన్ క్యాండిడేట్" అంటుంది. దాని పైన ఉన్న వరుసలు చదివితే లిబ్‌అసౌండ్2టీ64 అనే కొత్త పేరు అక్కడే కనిపిస్తుంది.

కరెంటు పోయో, టెర్మినల్ మూసుకుపోయో ఇన్‌స్టాల్ సగంలో ఆగితే సంగతి వేరు. అక్కడ "డీప్యాకేజీ కాన్ఫిగర్", ఆ తర్వాత "ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్" వాడాల్సిందే. ఉబుంటులో "కెప్ట్ బ్యాక్" అని కొన్ని ఆగిపోతే మాత్రం కంగారు వద్దు. అప్‌డేట్లను విడతలవారీగా పంపే పద్ధతి ఉంది, మీ విడత ఇంకా రాలేదేమో.

ఒక్క చోట మాత్రం దయచేసి ఆగండి. "విల్ బి రిమూవ్డ్" అన్న జాబితా వచ్చినప్పుడు వై కొట్టే ముందు ప్రతి పేరూ చదవండి. 2021లో పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో గేముల యాప్ స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయిన ఒక ప్రముఖ యూట్యూబర్‌కి డెస్క్‌టాపే పోయింది. హెచ్చరిక వచ్చింది. "యస్, డూ యాజ్ ఐ సే" అని టైప్ చేయమని కూడా అడిగింది, ఆయన టైప్ చేశాడు. లోపం ప్యాకేజీలోనే ఉన్నా, నష్టం జరిగింది ఆ వాక్యం తర్వాతే. "ఫుల్-అప్‌గ్రేడ్"కి కూడా ప్యాకేజీలు తీసేసే అధికారం ఉంటుంది, కాబట్టి ముందు, ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో మాత్రమే చూపే సిమ్యులేట్ ఆప్షన్‌తో నడిపి చూడండి.

ఆర్చ్ అనే మరో డిస్ట్రో వాడేవాళ్లు ప్యాకేజీల జాబితాను రిఫ్రెష్ చేసి ఒక్క ప్యాకేజీనే ఎక్కించకండి. ఆర్చ్‌లో సగం అప్‌గ్రేడ్‌కి సపోర్ట్ లేదు, మొత్తం సిస్టమ్‌ని కలిపే అప్‌డేట్ చేయాలి.

ఇంత చూసినా తేలకపోతే సాయం అడగండి. అడిగేటప్పుడు ఆఖరి లైను ఒక్కటే కాకుండా పూర్తి అవుట్‌పుట్, పాలసీ చూపించినది, ఆప్ట్ లాగుల్లోని హిస్టరీ ఫైలు కలిపి ఇవ్వండి. మొన్నటిదాకా పనిచేసింది ఎప్పుడు, ఏ కమాండ్‌తో మారిందో చాలావరకు ఆ హిస్టరీలోనే రాసి ఉంటుంది.