ఆ జన్యువు వరిలోనూ పనిచేస్తుందా?

(మొక్కల జీవశాస్త్ర పరిశోధక విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

మిత్రులారా, నమస్కారం.

"ల్యాబ్ వదిలేశారటగా, చదివిందంతా వృథా అయినట్టేనా?" మొక్కల మీద పీహెచ్‌డీ చేసి పేటెంటు చట్టంలోకి వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. దీనికి జవాబుగా నా కథ చెప్పను. ఒక కోర్టు కేసు చెబుతాను.

గ్లూఫోసినేట్ కలుపుమందు మీకు తెలిసిందే. దాన్ని తట్టుకునే బార్ జన్యువును ఒక బాక్టీరియా నుంచి తీసి మొక్కల్లోకి ఎక్కించింది బెల్జియంకు చెందిన ప్లాంట్ జెనెటిక్ సిస్టమ్స్. అమెరికా పేటెంటులో వాళ్లు పొగాకు దగ్గరో టమాటా దగ్గరో ఆగలేదు. ఏ మొక్క కణమైనా మాదేనన్నట్టు క్లెయిములు, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, రాసుకున్నారు. మొక్కజొన్న కణమూ అందులోకి వస్తుంది కదా అని డీకాల్బ్ అనే విత్తనాల కంపెనీ మీద దావా వేశారు. 2003లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ క్లెయిములు చెల్లవని తేల్చింది. దరఖాస్తు తేదీ 1987. అప్పటికి పొగాకు, టమాటాలాంటి ద్విదళబీజాల్లోకి జన్యువు ఎక్కించడం వచ్చింది. మొక్కజొన్నలాంటి ఏకదళబీజాల్లో స్థిరంగా ఎక్కించే దారిని మాత్రం ఆ దరఖాస్తు చూపించలేకపోయింది. మొక్కల్లోకి జన్యువులు మోసుకెళ్లే అగ్రోబాక్టీరియం అనే బాక్టీరియాతో వరిని నమ్మకంగా మార్చగలిగింది 1994లో, మొక్కజొన్నను 1996లో.

చూశారా, కోట్ల డాలర్ల వ్యాపారం ఏకదళబీజమా, ద్విదళబీజమా అన్న దాని మీద తేలింది. డిగ్రీ మొదటి ఏడాది పాఠమది! టిష్యూ కల్చర్ గదిలో వరి కాలస్‌తో, అంటే కణాల ముద్దతో, కుస్తీ పట్టినవాళ్లు ఆ దరఖాస్తు చదివి ఉంటే, లాయర్ల కంటే ముందే "ఇక్కడ దెబ్బతింటారు" అని ఉండేవాళ్లు.

నేను రోజూ చేసేది కాస్త అటూ ఇటూగా ఇదే పని. ఒక శాస్త్రవేత్త వస్తారు. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో ఒక జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే మొక్క నీటి ఎద్దడిని తట్టుకుందంటారు. అన్ని పంటలకూ హక్కు కావాలంటారు. వరిలో చూశారా? లేదు. ఎన్ని లైన్లలో, అంటే విడివిడిగా జన్యువు ఎక్కించిన ఎన్ని మొక్కల సంతతిలో, చూశారు? జన్యువును నడిపించే స్విచ్చుగా ఏ ప్రమోటర్ వాడారు? నీళ్లు సరిపడా ఉన్నప్పుడు మొక్క గిడసబారిందా? ఈ ప్రశ్నలు చట్టం డిగ్రీ నేర్పదు. ల్యాబ్ మీటింగుల్లో మన గైడ్లు మనల్ని వేపుకు తిన్న ప్రశ్నలివి. సమాధానాలు పలచగా ఉంటే క్లెయిము కుదించాలి. అలాగని మరీ కుదిస్తే, అంటే ఆ ఒక్క ప్రొటీన్ వరుసకే హక్కు అడిగితే, పోటీ కంపెనీ నాలుగు అమైనో ఆమ్లాలు మార్చి పక్క నుంచి వెళ్లిపోతుంది. అందుకే విశాలమైన క్లెయిము పైన పెట్టి, దాని కింద ఒక్కో మెట్టు దిగుతూ చిన్న క్లెయిములు రాస్తాం. పైది కూలినా కిందివి నిలబడతాయని ఆశ. ఏ మెట్టు దగ్గర ఆగాలన్నది జీవశాస్త్రం తెలిసినవాళ్లే చెప్పగలరు. ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇక పోస్టర్ల సంగతి. మీలో చాలామంది వచ్చే సమావేశానికి పోస్టర్ సిద్ధం చేస్తూ ఉంటారు. ఒక జీవి జన్యువును మరో జీవి డీఎన్ఏకు అతికించే పద్ధతి, అంటే రీకాంబినెంట్ డీఎన్ఏ, మీద శాస్త్రవేత్తలు కోహెన్, బోయర్ల వ్యాసం 1973 నవంబరులో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ పేటెంటు దరఖాస్తు వేసింది 1974 నవంబరు 4న, ఏడాది గడువు ముగిసిపోతుండగా. వ్యాసం వచ్చాక కూడా దరఖాస్తు వేసుకోవడానికి అమెరికాలో ఆ ఏడాది వెసులుబాటు ఉంది కాబట్టి రాయల్టీగా 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ వెసులుబాటు లేని ఐరోపాలో అప్పటికే చేయి దాటిపోయింది. గోడకు అంటించిన పోస్టర్ కూడా వెల్లడి కిందికే వస్తుంది. దరఖాస్తు ముందు, పోస్టర్ తర్వాత.

పేటెంటు తెచ్చిపెట్టడమే కాదు, రాకూడనిదాన్ని తీయించడం కూడా మన పనే. మెక్సికోలో కొన్న పసుపు చిక్కుడు గింజల నుంచి ఎంపిక చేసిన రకానికి 1999లో అమెరికా పేటెంటు ఇచ్చింది. పేరు ఎనోలా. ఆ రంగు గింజలు కొలంబియాలోని సియాట్ అంతర్జాతీయ కేంద్రం జన్యు నిధిలో అంతకుముందే ఉన్నాయి. వాళ్లు సవాలు చేశారు. పేటెంటు చివరికి కొట్టేశారు గానీ, 2009 దాకా పట్టింది. ఇంత తాత్సారం నాకు ఇప్పటికీ సమర్థనీయంగా కనిపించదు. పేటెంటు ఉన్నంతకాలం ఆ గింజలు దిగుమతి చేసుకునేవాళ్లు భయపడుతూనే ఉన్నారు మరి.

దేశానికో నియమం ఉంటుంది. అమెరికాలో మొక్కలకు కూడా యుటిలిటీ పేటెంటు (మామూలు ఆవిష్కరణలకు ఇచ్చే పేటెంటు) ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. భారత చట్టంలోని సెక్షన్ 3(జె) మొక్కలను, విత్తనాలను పేటెంటు పరిధి నుంచి తప్పించింది. ఐరోపా అయితే సంప్రదాయ ప్రజననంతో, అంటే సంకరం చేసి ఎంపిక చేయడంతో, వచ్చిన మొక్కల విషయంలో 2015లో ఒక మాట, 2020లో మరో మాట చెప్పింది. అవి కంఠతా పట్టక్కర్లేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఈ పనిలో నచ్చనివీ ఉన్నాయి. మొలక వచ్చిందా లేదా అని పొద్దున్నే గ్రోత్ ఛాంబర్ తలుపు తీసే ఆత్రం ఇక ఉండదు. ఇతరులు కనుగొన్నది ఇతరుల పేరు మీద రాస్తాం. గడువులు కనికరించవు. ఒకే వాక్యాన్ని పదిసార్లు తిరగరాయడం విసుగనిపించేవాళ్లు ఇటు రాకపోవడమే మేలు.

రావాలనుకుంటే మొదట చట్టం డిగ్రీయే ఉండాలని లేదు. అమెరికాలోనూ భారత్‌లోనూ సైన్సు డిగ్రీతో పరీక్ష రాసి పేటెంటు ఏజెంటు కావొచ్చు. ఐరోపాలో అయితే మూడేళ్ల శిక్షణ, అర్హత పరీక్ష రెండూ కావాలి. పేటెంటు కార్యాలయాల్లో ఎగ్జామినర్లుగా, విశ్వవిద్యాలయాల టెక్నాలజీ బదిలీ విభాగాల్లోనూ చేరొచ్చు. ఉద్యోగానికి దరఖాస్తు చేసే ముందు ఒక పని చేయండి. పేటెంట్లు వెతికే వెబ్‌సైటు ఎస్పాసెనెట్ ఉచితమే. మీరు పనిచేస్తున్న జన్యువు పేరు అందులో కొట్టి, వచ్చిన పేటెంటులో మొదటి క్లెయిము చదవండి. తర్వాత వాళ్లు చూపించిన ప్రయోగాలు చదవండి. రెండిటికీ ఎక్కడ పొంతన కుదరలేదో ఒక పేజీలో రాసుకోండి. ఇంటర్వ్యూలో నేనైతే ఆ పేజీయే అడుగుతాను.

ఇక మీ ప్రశ్నలు కానివ్వండి. జీతం గురించి కూడా అడగొచ్చు.