గ్రానైట్ అంచున కాలిన రాయి పర్వతం గురించి ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది పర్వతాల శిఖరాల గురించి కాదు. వాటి లోపల గ్రానైట్ చొరబడ్డ చోట, దాన్ని ఆనుకుని చుట్టూ ఉండే రాయి గురించి. ఒక పర్వతశ్రేణి ఎప్పుడు నలిగింది, ఎప్పుడు ఆగింది అని తేల్చాలంటే ముందు చూడాల్సింది అక్కడేనని నా గట్టి నమ్మకం.

ఖండాలు ఢీకొన్న చోట రాళ్లన్నీ నలిగి, మడతలు పడతాయి, వాటిలో బురద గట్టిపడి ఏర్పడ్డవి పొరలుగా చీలే పలకరాళ్లుగా మారతాయి. అక్కడ వేడీ ఒత్తిడీ కలిసే పనిచేస్తాయి కాబట్టి ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. అలాంటి చోటికి 700 నుంచి 900 డిగ్రీల వేడితో శిలాద్రవం ఎక్కి వచ్చి గ్రానైట్‌గా గడ్డకట్టిందనుకోండి, పక్కనున్న రాయి ముఖ్యంగా ఆ వేడికే మారుతుంది, పచ్చి ఇటుక బట్టీలో కాలినట్టు. ఇదే స్పర్శ రూపాంతరం, కాంటాక్ట్ మెటామార్ఫిజం. పలకరాయి పొరలుగా చీలే గుణం పోగొట్టుకుని హార్న్‌ఫెల్స్ అనే గట్టి రాయి అవుతుంది, సుత్తితో కొడితే ఎటుపడితే అటు పగులుతుంది. సున్నపురాయి పాలరాయి అవుతుంది. గ్రానైట్ నుంచి వచ్చే వేడి ద్రవాలు దానిలోకి చొచ్చుకుపోతే గార్నెట్ ఖనిజంతో నిండిన స్కార్న్ అనే రాయి తయారవుతుంది, కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలోని పైన్ క్రీక్ టంగ్‌స్టన్ గని అలాంటి స్కార్న్‌లోదే.

రాతిలో వేడి చాలా నిదానంగా పాకుతుంది. ఒక మీటరు దాటడానికి సుమారు 12 రోజులు, 10 మీటర్లకు 3 ఏళ్లు, కిలోమీటరుకు 30 వేల ఏళ్ల పైనే. దూరం పదింతలైతే కాలం వందింతలవుతుంది. అందుకే సన్నని డైక్ (పగులులో శిలాద్రవం గోడలా గడ్డకట్టినది) పక్కన రాయి పెద్దగా మారదు, పెద్ద గ్రానైట్ చుట్టూ మాత్రం కొత్త ఖనిజాలు పెరగడానికి కావలసినంత తీరిక ఉంటుంది.

ఆ ఖనిజాల్లో ఆండలూసైట్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కయనైట్, సిల్లిమనైట్ అనే మరో రెండు ఖనిజాలదీ దీనిదీ ఒకటే రసాయన కూర్పు, కానీ ఆండలూసైట్ సుమారు 4 కిలోబార్లు, అంటే గాలి ఒత్తిడికి దాదాపు నాలుగు వేల రెట్లు, మించిన ఒత్తిడిలో స్థిరంగా ఉండదు. అంటే అది కనబడిందంటే ఆ గ్రానైట్ దాదాపు 15 కిలోమీటర్ల కంటే పైనే ఆగిందన్నమాట.

లోతు సంగతి సరే, కాలం సంగతే అసలు విషయం. రాయిని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. పాత చీలిక పొరలు వంకర లేకుండా తిన్నగా కొత్త ఖనిజపు స్ఫటికం గుండా సాగిపోతుంటే, నలగడం అయిపోయాకే అది పెరిగింది. పొరలు స్ఫటికాన్ని చుట్టుకుని వంగితే, అది పెరిగాక రాయి మళ్లీ నలిగింది. ఇక గ్రానైట్‌లోని జిర్కాన్ అనే చిన్న స్ఫటికాల్లో యురేనియం కాలంతో పాటు సీసంగా మారుతుంది, ఆ రెండూ కొలిస్తే గ్రానైట్ వయసు తెలుస్తుంది కదా, ఆ వయసుతో పర్వతం నలగడం ఆగిన కాలానికి ఒక హద్దు దొరుకుతుంది. స్కాట్లాండ్‌లో బల్లాహులిష్ దగ్గర ఇది చక్కగా కనిపిస్తుంది. అప్పటికే మడతలు పడిన పలకరాళ్లలోకి సుమారు 42-43 కోట్ల ఏళ్ల కిందట శిలాద్రవం చొరబడింది. బయటి నుంచి దాని అంచు వైపు నడుస్తూ వస్తే ముందు కార్డిరైట్ అనే ఖనిజం, తర్వాత ఆండలూసైట్, ఆ తర్వాత సిల్లిమనైట్, చివరికి సగం కరిగిన రాయి కూడా కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. పొరలు స్ఫటికం చుట్టూ వంగాయి కాబట్టి పర్వతమే మళ్లీ కదిలిందని వెంటనే రాసేయకండి. ఐర్లాండ్‌లోని ఆర్డరా గ్రానైట్ ఉబ్బుతూ తన చుట్టూ ఉన్న రాయిని తానే నొక్కిందని చాలామంది వాదించారు. అందుకని అంచు దగ్గర ఒక్క ముక్క తీసుకుని తృప్తిపడకుండా, అంచు నుంచి దూరంగా వేడి తగలని రాయి దాకా వరసగా నమూనాలు తీయాలి. ఆ నొక్కుడు గ్రానైట్ దగ్గరే ఉండి దూరం పోయేకొద్దీ మాయమైతే అది చాలావరకు గ్రానైట్ చేసిన పనే. అదే దిశలో ఆ ప్రాంతమంతా కొనసాగితే మాత్రం పర్వతం నిజంగానే మళ్లీ కదిలింది.