బేస్‌మెంట్ నేల: మా అమ్మ అరచేయి చెప్పిన మాట

సభాధ్యక్షులకు, ఆదివారం మధ్యాహ్నం పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం. న్యూజెర్సీలో మన ఎడిసన్ చుట్టుపక్కల కొత్తగా ఇళ్ళు కొన్నవారికి బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి అడుగున భూమిలోకి ఉండే అంతస్తులో, ఏ నేల వేయించుకుంటే మంచిదో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. రంగులు, ధరల సంగతికి వెళ్ళే ముందు మా అమ్మ అన్న మాట ఒకటి మీకు చెప్పాలి.

మాది పశ్చిమ గోదావరిలో కాలువ గట్టు ఊరు. ఇంట్లో నాపరాళ్ళ నేల. వానాకాలంలో ఆ నేల చెమరుస్తుందని తెలుసు కాబట్టి ధాన్యం బస్తాలను ఏనాడూ నేరుగా నేల మీద పెట్టేవారు కాదు, చెక్కబల్లల మీద పెట్టేవారు. అటువంటి ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మా అమ్మ, నాన్నతో కలిసి మే నెలలో మొదటిసారి ఇక్కడికి వచ్చింది. వాళ్ళ కోసం బేస్‌మెంట్‌లో గది కట్టించి, 'వాటర్‌ప్రూఫ్' అని కాంట్రాక్టరు భరోసా ఇచ్చిన లామినేట్ పలకలు, అంటే చెక్కపొడిని అదిమి చేసినవి, పరిపించాను. అమ్మ చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి, వంగి అరచేయి నేలకు ఆనించి, "ఒరే, ఇక్కడ చెమ్మ ఉందిరా, కింద ఊట ఉన్నట్టుంది" అన్నది. అమెరికా ఇంట్లో ఊట ఎక్కడిదమ్మా అని నేను ఆ మాట అక్కడితో తుంచేశాను.

జూలై నాటికి పలకల అంచులు గోరు దూరేంత పైకి లేచాయి. ఆగస్టులో నాన్నకు రాత్రిళ్ళు ఆయాసం మొదలైంది. ఒక పలక ఊడదీసి చూస్తే, కింద పరిచిన పలుచటి ఫోమ్ నల్లగా, జిగురుగా కాంక్రీటుకు అంటుకొని ఉంది. ముక్కిన బియ్యం బస్తా మూతి విప్పినట్టు వాసన కొట్టింది. ఆ బూజు మీద నాన్న మూడు నెలలు పడుకున్నారు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, నీళ్ళు కింది నుంచి వస్తే తన పూచీ లేదన్నాడు. అమ్మానాన్నలను బేస్‌మెంట్ గదిలో ఉంచినవారు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తండి. చూశారా, ఇందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాంక్రీటు రాయిలా కనిపించినా సన్నటి రంధ్రాలతో నిండి ఉంటుంది. ప్రమిదలో వత్తి నూనెను లాగినట్టు అది మట్టిలోని తేమను పైకి లాగుతుంది. బేస్‌మెంట్ నేలకు కాంక్రీటు స్లాబు పోసేటప్పుడు అడుగున పాలిథిన్ షీటు పరిస్తే ఆ తేమ ఆగుతుంది కానీ, పాత ఇళ్ళలో చాలావాటికి ఆ షీటు లేదు. చెమ్మకు ఇంకొక దారి కూడా ఉంది. వేసవి ఉక్కగాలి చల్లటి స్లాబుకు తగిలినప్పుడు, చల్లనీళ్ళ చెంబు చెమర్చినట్టే నేల చెమరుస్తుంది. ఈ రెండవదానికి తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ యంత్రం పెట్టి గాలిలో తేమను 50 శాతం దగ్గర ఉంచితే చాలు. మొదటిదానికి అది చాలదు.

ఏ దారిన వస్తోందో తేల్చుకోవడం కష్టం కాదు. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును ఖాళీ కాంక్రీటు మీద పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి, కనీసం 16 గంటలు ఆగండి. షీటు అడుగున నీటి బొట్లు ఉన్నా, కాంక్రీటు నల్లబడినా తేమ నేలలోంచి వస్తున్నట్టు. షీటు పైన తడి ఉంటే గాలిలోంచి వస్తున్నట్టు. వాన పడిన వారంలో మళ్ళీ ఒకసారి చూడండి.

నేలలోంచే వస్తుంటే కార్పెట్, లామినేట్, అచ్చమైన కలప, ఈ మూడింటి జోలికీ వెళ్ళకండి. వినైల్ పలక ప్లాస్టిక్‌ది కాబట్టి తాను చెడదు కానీ, దాని కింద చిక్కుకున్న తేమకు బూజు పడుతుంది. కాంక్రీటు మీద రంగులా పూసే ఎపాక్సీ పూత తేమ ఒత్తిడికి పొరలుగా లేస్తుంది. నా ఓటు సిమెంటు మసాలాతో అతికించిన పోర్సిలిన్ టైల్‌కే. కాళ్ళకు చల్లగా ఉంటే, ఎత్తి ఆరేసుకోగల చిన్న రగ్గులు వేసుకోవచ్చు. పాత ఇల్లయి, ఇప్పటికే 9 అంగుళాల టైళ్ళు ఉంటే మాత్రం వాటిని పగలగొట్టకండి. వాటిలో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చు, ముందు పరీక్ష చేయించండి.

నేల కొనే డబ్బులో కొంత ముందు ఇంటి బయట ఖర్చు పెట్టండి. చూరు నీళ్ళు గోడ పక్కనే పడకుండా గొట్టాలు దూరంగా పెట్టించండి. గోడ నుంచి 10 అడుగుల దూరానికి 6 అంగుళాల వాలు ఉండేలా మట్టి పోయించండి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వానకు ఈ రాష్ట్రంలో ఎన్ని బేస్‌మెంట్లు మునిగాయో మీలో చాలామంది కళ్ళారా చూశారు. కరెంటు పోయినా, బేస్‌మెంట్ గుంటలో చేరిన నీళ్ళను బయటికి తోడే సంప్ పంపు ఆగకుండా దానికి బ్యాటరీ పెట్టించండి. మామూలు ఇంటి బీమా వరద నష్టానికి వర్తించదు. మీ పత్రాలు ఒకసారి చదువుకోండి.

మా ఇంట్లో ఆ లామినేటంతా పీకించి టైల్ వేయించాను. మరుసటి ఏడు అమ్మ వచ్చి మళ్ళీ అలాగే వంగి అరచేయి ఆనించింది, ఏమీ అనలేదు. నాన్న మంచం మాత్రం పైఅంతస్తులో వేయించింది.

వేదిక పక్కన అట్టపెట్టెలో 18 అంగుళాల ప్లాస్టిక్ ముక్కలు వంద కత్తిరించి తెచ్చాను, టేపు చుట్టలు కూడా ఉన్నాయి. భోజనాలకు వెళ్ళే ముందు ఇంటికి రెండు చొప్పున తీసుకొని, ఈ రాత్రే ఒకటి గది మధ్యలో, ఇంకొకటి బయటి గోడ పక్కన అంటించండి.