ఓడ పట్టికలో లేని పేరు

శ్రోతలకు నమస్కారం.

1620లో ఇంగ్లండులోని ప్లిమత్ రేవు నుంచి మేఫ్లవర్ అనే ఓడ 102 మంది ప్రయాణికులతో అమెరికాకు బయలుదేరింది. బయలుదేరేటప్పుడు రాసిన పట్టిక ఏదీ నేడు మిగలలేదు. అందులో ఎవరెవరు ఉన్నారో మనకు తెలిసింది విలియమ్ బ్రాడ్‌ఫర్డ్ పుణ్యమే. ఆయన అదే ఓడలో వెళ్లి, ఆ వలసకు గవర్నరు అయ్యాడు. దాదాపు 30 ఏళ్ల తరువాత, ఒక్కొక్క కుటుంబాన్నీ నౌకర్లతో సహా గుర్తు తెచ్చుకుని రాశాడు.

1635 నాటికి లండన్ రేవులో రిజిస్టరు ఉంది. దాని అసలు ఉద్దేశం చరిత్రను భద్రపరచడం కాదు. దేశం విడిచి వెళ్లేవారు రాజుకు విధేయులమని ప్రమాణం చేశారా లేదా అని చూడడం. అందుకే పేరు, వయసు, ఎక్కిన ఓడ రాసుకున్న గుమాస్తాలు చాలామందికి సొంత ఊరు రాయలేదు. పూర్వీకులను వెతికేవారికి కావలసింది ఆ ఊరే! పేరూ వయసూ కలిశాయని తొందరపడి మా ముత్తాతే అనుకుంటే, ఎవరో పరాయివాడి వంశవృక్షాన్ని మన ఇంటి గోడకు తగిలించుకున్నట్టే.

నన్ను బాగా కదిలించినది మోర్ పిల్లల కథ. మేఫ్లవర్‌లో ఆ ఇంటిపేరుతో నలుగురు పిల్లలు ఉన్నారు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. తల్లిదండ్రులు వెంట లేరు. పిల్లలను మూడు కుటుంబాలకు పంచి అప్పగించారు. అంత పసివాళ్లను సముద్రం మీదికి ఎవరు, ఎందుకు పంపారో పట్టికలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ సంగతి బయటపడింది ఇంగ్లండులో దొరికిన వేరే కాగితాల వల్ల. ష్రాప్‌షైర్ ప్రాంతానికి చెందిన శామ్యూల్ మోర్ ఆ పిల్లలు తనకు పుట్టలేదని నమ్మాడు. భార్యతో తగవు కోర్టుల దాకా వెళ్లింది. చివరికి ఆమె నుంచి తీసుకుని, వాళ్లను ఓడ ఎక్కించేశాడు.

మొదటి చలికాలంలోనే ముగ్గురు చనిపోయారు. బతికినవాడు రిచర్డ్ ఒక్కడే. పెరిగి పెద్దవాడై తానే ఓడకు కెప్టెన్ అయ్యాడు. అమెరికాలోని సేలం పట్టణంలో అతని సమాధి రాయి ఇప్పటికీ ఉంది.

బ్రాడ్‌ఫర్డ్ పట్టికలో రిచర్డ్ పేరు పక్కన, పేరు రాయకుండా, 'అతని సోదరుల్లో మరొకడు' అని మాత్రమే ఉంది. చాలాకాలం అందరూ మగపిల్లవాడనే అనుకున్నారు. పరిశోధకులు ఆ పిల్లల ఊరైన షిప్టన్ చర్చిలో పాత బాప్తిస్మ రిజిస్టరు తిరగేశారు. ఎలెన్, జాస్పర్, రిచర్డ్ అని ముగ్గురి పేర్లూ వరుసగా దొరికాయి. నాలుగో పేరు 1616లో రాసి ఉంది. మేరీ. ఆ 'సోదరుడు' నాలుగేళ్ల ఆడపిల్ల.

సెలవు.